రెండు కాళ్ళ తేడా

నా మనవరాలు బాపట్ల కాలేజీలో ఫుట్‌బాల్ ఆడేది. ఆడపిల్లలు ఆ ఆట ఆడతారని అది ఆడేదాకా నాకు తెలీదు. నాది తెనాలి మార్కెట్లో చేపల అమ్మకం. ఎండుచేపల కోసం ప్రతి సోమవారం బాపట్ల వెళ్ళేదాన్ని. సూర్యలంక వైపు నుంచి సరుకు పొద్దున్నే దిగుతుంది. బేరం అయిపోయాక మళ్ళీ రైలు దాకా ఖాళీ. స్టేషన్లో కూర్చుంటే ఏదో ఒకటి కొనుక్కు తినాలనిపిస్తుంది. అందుకని కాలేజీ గ్రౌండు గట్టు మీద కూర్చునేదాన్ని, అక్కడ కొనడానికి ఏమీ ఉండదు.

ఈ పిల్ల నా కూతురి కూతురు. కూతురూ అల్లుడూ రేపల్లె అవతల సముద్రం పక్క ఊళ్ళో ఉంటారు. అతను బోటు మీద వేటకి పోతాడు, నా కూతురు రొయ్యల కంపెనీలో తలలు తీసే పని చేస్తుంది. ఇంటరు నుంచీ పిల్ల నా దగ్గరే ఉండి చదువుకుంటోంది. తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్ళి, సాయంత్రం ఆట అయ్యాక మళ్ళీ రైలెక్కి వచ్చేది. నేను మూడో తరగతితో బడి మానేశాను. అంకెలు చదువుతాను, కూడికలు నోటితో చేస్తాను, రాయడం మాత్రం నెమ్మది. ఇదంతా రాయడానికి చాలా రోజులే పట్టింది.

ఒక సోమవారం గట్టు మీద కూర్చుని చూస్తే ఆడపిల్లలంతా వరసగా నిలబడి ఉన్నారు. ఎదురుగా నేల మీద నల్లటి రబ్బరు పట్టా పరిచి ఉంది, చిన్నపిల్లాణ్ణి పడుకోబెట్టేంత. దానికో తీగ, తీగ చివర ఒక డబ్బా. ఒక్కో పిల్లా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, మోకాళ్ళు వంచి, పైకి ఎగిరి పట్టా మీదే దిగుతుంది. డబ్బాలో ఒక అంకె పడుతుంది. పక్కన ఒక అమ్మాయి ఆ అంకె రాసుకుంటుంది. మా పిల్లకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. పైచదువు చదువుతోందట. ఆట ఆడే ఆడపిల్లల కండలు ఎంత అలిసిపోతాయి, ఎన్నాళ్ళకి తేరుకుంటాయి అనేది ఆమె చదువు. పిల్లలు మేడం అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను.

"ఇదేంటి మేడంగారూ, బంతి లేకుండా ఎగురుతున్నారు?" అని అడిగాను.

ఆమె చిరాకు పడకుండా చెప్పింది. నిన్న ఆదివారం మ్యాచ్ ఆడారు. ఆడిన మర్నాడు కండలు అలిసి ఉంటాయి. అలిసిన కండ ఎంత ఎగరాలనుకున్నా తక్కువే ఎగురుతుంది. అసలు ఆట మొదలుపెట్టక ముందు, ఒళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడు, ఒక్కో పిల్లకీ ఒక అంకె తీసి పెట్టుకుంటారు. సోమవారం అంకెని దానితో పోల్చి చూస్తారు. బాగా తగ్గితే ఆ పిల్ల ఇంకా తేరుకోలేదని అర్థం, ఆ వారం పరుగు తగ్గించి కూర్చోబెడతారు. మళ్ళీ మొదటి అంకె దగ్గరికి వచ్చాకే ఆడిస్తారు.

"మనిషి చెప్పకపోయినా కండ చెప్తుందండి," అంది ఆమె.

ఎగరడం అయ్యాక నొప్పి అడిగేది. పదికి ఎంత అని. తొడలు పట్టేసి అడుగు వెయ్యలేకపోతే పది, అసలేమీ లేకపోతే సున్నా. పిల్లలు పరీక్ష మార్కులు చెప్పినట్టు చెప్పేవాళ్ళు. మా పిల్ల ఎప్పుడూ రెండు అనేది.

"మామ్మగారూ, మీరూ చెప్పండి. ఈ రోజు మీ ఒంటినొప్పికి పదికి ఎంత ఇస్తారు?" అంది మేడం నవ్వుతూ.

"నేను ఇచ్చేదేముందమ్మా, అదే నాకిచ్చుద్ది!" అన్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు.

నెలసరి ఎప్పుడు వచ్చిందని కూడా అడిగేది. నాకు నచ్చలేదు. "ఇదేం అడగడమమ్మా, కోచ్ సారు పక్కనే తిరుగుతుంటే?" అని గదిమాను. "అందుకేనండి, సారుని బంతులకి గాలి కొట్టమని అటు పంపాను," అంది. తెలివైన పిల్లే. ఆ రోజుల్లో కూడా కండ ఎలా ఉంటుందో చూడాలట. మేం ఆ రోజుల్లోనే తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం, ఎవరడిగారు? ఎవరూ అడగలేదు కాబట్టే మాకు అది అడగాల్సిన సంగతని తెలీదు.

ఆట అయ్యాక కాళ్ళకి ఐసు పెట్టమని ఆమె చెప్పింది. ఐసు కొంటానంది మా పిల్ల. "ఇంట్లో చేపల పెట్టె నిండా ఐసు పెట్టుకుని బయట కొంటావా?" అని కసిరి, మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు మిగిలిన ఐసు గోనెపట్టాలో చుట్టి తెచ్చేదాన్ని. దాన్ని రోకలితో చితక్కొట్టి పాత లంగా గుడ్డలో మూటకట్టి పిల్ల తొడల మీద పెట్టేదాన్ని. మర్నాడు గ్రౌండులో తోటిపిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళట. "ఏమే, నువ్వు పరిగెత్తుతుంటే నీ వెనక కొంగలు పడుతున్నాయే!" అనేవాళ్ళట. అది ఇంటికొచ్చి నాకు చెప్పి తనే నవ్వేది. ఐసు మాత్రం మానలేదు.

అది కుడివైపు అంచున పరిగెత్తే ఆట ఆడేది. బంతి దొరికితే గీత పక్కనే పోయి పోయి, మధ్యలో వాళ్ళకి తన్ని అందించాలి. జట్టు మొత్తంలో ఎక్కువ పరుగు దానిదే. ఆ యేడు వానలు తగ్గాక వరసగా మ్యాచ్‌లు పడ్డాయి. మా పిల్లని రాష్ట్రం జట్టు క్యాంపుకి చూస్తున్నారని కోచ్ సారు చెప్పారు. క్యాంపులో నిలబడితే ఆట కోటాలో ఉద్యోగం కూడా రావచ్చట. నా కూతురు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "ఆడిందా అమ్మా? బాగా ఆడిందంటా?" అని అడిగేది. రోజంతా చేతులు ఐసు నీళ్ళలో పెట్టి రొయ్యలు ఒలిచే మనిషి. దాని వేళ్ళు సాయంత్రానికి వంగవు. తన కూతురు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టకూడదని దాని ఆశ. పిల్ల ఆశ వేరు. దానికి ఆడటం కావాలి, అంతే.

అప్పట్లో అది ఇంట్లో ఎలా ఉండేదో చెప్తాను. డాబా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని పక్కవాటుగా దిగేది. అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా కునికేది. రైల్లో నిలబడే నిద్రపోయి నిడుబ్రోలు దగ్గర ఎవరి మీదో పడిందట. "ఏంటే, కాళ్ళు నొప్పులా?" అంటే, "రెండే అమ్మమ్మా," అనేది. మేడంకి చెప్పే జవాబే నాకూ చెప్పేది. సోమవారం బాపట్లలో నేను మేడంని అడిగాను. ఆమె డబ్బాలో అంకె చూపించింది. మొదటి రోజు అంకె కంటే వెంట్రుకవాసి ఎక్కువే ఉంది. "బలం పెరుగుతోందండి. శిక్షణ బాగా పట్టింది," అంది. ఆమె కళ్ళలో సంతోషం చూశాను. సరే, కుర్రతనం, నిద్ర చాలక కునుకుతోందిలే అనుకున్నాను.

ఆ తర్వాత ఆదివారమే రేపల్లెలో మ్యాచ్. క్యాంపుకి పిల్లల్ని ఎంచే పెద్దమనుషులు చూడటానికి వస్తున్నారు. నా కూతురు అంతకుముందు దాని ఆట ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు కంపెనీ పని మానుకుని బస్సెక్కి వచ్చింది. నేనూ పిల్లా తెనాలి నుంచి రేపల్లె రైలెక్కాం. రైలు ఖాళీగా ఉంది. పిల్ల ఎదురు సీటు మీద కాళ్ళు చాపి దారంతా నిద్రపోయింది.

కూతురు పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నా పక్కన గట్టు మీద కూర్చుని, "అమ్మా, మన పిల్లలు ఏ రంగు? ఎటు కొడితే మనకి?" అని అడిగింది. చెప్పాను. సగం ఆట అయ్యాక వైపులు మారతారు కదా, అది తెలియక అవతలి వాళ్ళ గోలుకి చప్పట్లు కొట్టింది. పక్కనున్న వాళ్ళు నవ్వారు. "నవ్వితే నవ్వనీ, నా కూతురు కనపడుతోంది, అది చాలు," అంది.

అప్పటికి ఆట అయిపోవస్తోంది. బంతి మా వైపు అంచుకి వచ్చింది. పిల్ల దాని కోసం వచ్చి, ఆగి, లోపలికి తిరగబోయింది. ఎవరూ తగల్లేదు. ఎవరూ దగ్గర కూడా లేరు. ఎడమకాలు నేలలో పాతినట్టు ఉండిపోయింది, పై మనిషి మాత్రం తిరిగింది. మాకు దగ్గరలోనే. పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడు వినపడిందని నా కూతురు ఇప్పటికీ అంటుంది. నాకు పిల్ల కేకే వినపడింది. నా కూతురు చెప్పులు చేత్తో పట్టుకుని గ్రౌండులోకి పరిగెత్తింది. ఆట నడిపించే సారు ఈల ఊదుతున్నా ఆగలేదు.

మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టుకునే తాడు తెగిందని డాక్టరు చెప్పారు.

మేడం మా ఇంటికి వచ్చింది, తెనాలికి, పిల్ల కాలికి కట్టు వేసుకుని మంచం మీద ఉన్నప్పుడు. ద్రాక్షపళ్ళు తెచ్చింది. పిల్ల మంచం పక్కన కూర్చుంది. తర్వాత నాకే చెప్పడం మొదలుపెట్టింది.

"తొడ కండలే మోకాలిని కాస్తాయండి. అవి అలిసిపోతే, తిరిగేటప్పుడు బరువంతా ఆ తాడు మీద పడుద్ది. అలా కాకూడదనే నేను కొలిచేది. మొన్న సోమవారం కూడా తను బాగానే ఎగిరింది. ఆడించవచ్చని సారుకి చెప్పింది నేనే. ఎక్కడ తప్పిందో తెలియట్లేదు. నిద్ర పట్టట్లేదండి నాకు."

పిల్ల గోడవైపు తిరిగి ఉంది. అటే చూస్తూ అంది. "మేడం, మొదటి రోజు నేను సరిగా ఎగరలేదు."

"అంటే?"

"మోకాళ్ళు సగమే వంచి ఎగిరాను. తక్కువ పడాలని."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. మొదటి అంకె తక్కువ రాయించుకుంటే, తర్వాత ఎంత అలిసిపోయినా అంకె దాని కిందకి పోదు. అలిసిన ఒంటితో ఒళ్ళంతా బిగబట్టి ఎగిరితే ఆ దొంగ అంకె వచ్చేస్తుంది. కొన్నిసార్లు దాటుతుంది కూడా. బలం పెరిగిందని మేడం మురిసిపోయింది దాన్ని చూసే.

"నువ్వొక్కదానివేనా?" అంది మేడం.

"అందరం మేడం. సీనియర్లు చెప్పారు. మొదటి రోజు ఎక్కువ ఎగిరితే సంవత్సరమంతా కూర్చోవాలే అన్నారు."

"నేను మిమ్మల్ని కూర్చోబెట్టడానికి కొలవలేదమ్మా."

"కానీ కూర్చోబెడతారు కదా మేడం."

ఆ పట్టా తెచ్చిన రోజు నుంచీ మేడం రాసుకున్నదంతా పనికిరాకుండా పోయింది. అందుకు ఏడ్చిందో, పిల్ల కాలు చూసి ఏడ్చిందో, కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. నేను మజ్జిగ ఇచ్చాను. తాగి, పిల్ల తల నిమిరి, "కాలు బాగు చేసుకుందాం, నేనొస్తుంటాను," అని వెళ్ళింది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా.

ఆమె వెళ్ళాక పిల్లని తిట్టాను. గట్టిగానే తిట్టాను. మార్కెట్లో తూకంలో మోసం చేసేవాళ్ళు నాకు కొత్త కాదు. ఎదుటివాడికి తగ్గించి తన గంపలో మిగుల్చుకుంటారు. ఇది తన ఒంటినే తక్కువ తూచుకుంది. ఇలాంటి మోసానికి ఏమని తిట్టాలో కూడా నాకు మాట దొరకలేదు. "నొప్పి లేదని చెప్పడం ఎవరు నేర్పారే నీకు?" అన్నాను. అది నా మొహం చూసి, "మన ఇంట్లో ఎవరు చెప్పారు అమ్మమ్మా, నొప్పి ఉందని?" అంది.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. తాడు కొత్తది వేశారు. నాకు భయం పుట్టింది మాత్రం ఆ తర్వాత, కట్టు విప్పాక. ఎడమ తొడ కుడి తొడలో సగానికి వచ్చింది. నిన్నటి దాకా రాయిలా ఉన్న తొడ, పట్టుకుంటే పిండిముద్దలా చేతికి వచ్చింది. పని లేకపోతే కండ ఇంత తొందరగా కరిగిపోతుందా? కట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో!

మేడం నాకు కొలవడం నేర్పింది. దర్జీ టేపు. మోకాలిచిప్ప పైన నా జానెడు ఎత్తున పెన్నుతో గీత, ఆ గీత మీద టేపు చుట్టాలి, బిగించకూడదు, వదలకూడదు. ముందు మంచి కాలు, తర్వాత ఈ కాలు. వారానికొకసారి చాలని ఆమె చెప్పింది. పిల్ల మాత్రం రోజూ కొలవమనేది. "రోజూ కొలిస్తే పెరుగుద్దా ఏంటి, పాదుకి కాసిన సొరకాయా?" అనేదాన్ని. అయినా కొలిచేదాన్ని. టేపు చుట్టేటప్పుడు అది తొడ బిగబట్టేది. నేను చూసి చురుగ్గా ఒక్కటి వేసేదాన్ని, "వదులు!" అని. వదిలితే టేపు జారేది. దాని మొహం కూడా అలాగే జారేది.

గోడకి ఆనుకుని కూర్చోవడం, ఇసక సంచి పాదానికి కట్టి కాలు లేపడం, ఒంటికాలి మీద లేవడం, మేడం చెప్పినవన్నీ చేసింది. చెమటలు కారి చాప తడిసేది. నేను కోడిగుడ్లు లెక్క చూడకుండా పెట్టాను. మా ఇంట్లో అలా ఎవరికీ, ఎప్పుడూ పెట్టలేదు. తొడ నెమ్మదిగా పూడుకుంది. తర్వాత ఆగింది. ఒకచోట ఆగిపోయి, వారాల తరబడి టేపు అదే అంకె దగ్గర కలిసేది. మేడం ఓపిక పట్టమంది. కండ తిరిగొచ్చినా ఆ కాలుకి నమ్మకం రావడానికి ఇంకా టైం పడుతుంది, కొందరికి అసలు రాదు అని నాకు మాత్రం వరండాలో చెప్పింది. నేను పిల్లకి చెప్పలేదు.

మళ్ళీ క్యాంపుకి పిలుపు వచ్చింది. దాన్ని వాళ్ళు మర్చిపోలేదు. కానీ కాలు తేరుకుందని మేడం పరీక్ష చేసి చెప్పాలి. పరీక్ష ఏంటంటే, ఒంటికాలితో ముందుకి దూకడం. ముందు మంచి కాలితో, తర్వాత ఆపరేషన్ కాలితో. ఆపరేషన్ కాలు మంచి కాలికి దగ్గర దగ్గరగా రావాలి. తేడా ఎక్కువుంటే ఆడనివ్వరు. అది ఆఖరి సంవత్సరం కూడా. కాలేజీ అయిపోతే జట్టు ఉండదు. కాలేజీ దాటిన ఆడపిల్లకి మా వైపు ఆడే చోటెక్కడుంది?

ముందు రోజు సాయంత్రం నేను వాకిట్లో చేపల తట్టలు కడుగుతున్నాను. పిల్ల ఫోన్లో తోటిపిల్లతో మాట్లాడుతోంది. ఫోను స్పీకర్లో పెట్టింది, ఆ పిల్ల మాట నాకూ వినపడింది.

"పిచ్చిదానా, బాగున్న కాలితో కాస్త తగ్గించి దూకవే. రెండూ సమానం అయిపోతాయి."

నేను తట్ట కింద పెట్టి లోపలికి వెళ్ళాను. అది ఫోన్ పెట్టేసింది.

"మళ్ళీ అదేనా?" అన్నాను.

"ఒక్కసారికి అమ్మమ్మా. క్యాంపుకి వెళ్ళాక ఎలాగూ బలం వచ్చేస్తుంది."

"మోకాలు మళ్ళీ పోతే?"

"పోతే పోనీ. ఆడి పోనీ."

ఇంకా ఏదో అనబోయాను. అంతలో నా కూతురు ఫోన్ చేసింది. "రేపేనా అమ్మా పరీక్ష? గుళ్ళో కొబ్బరికాయ కొట్టించాను," అంది. నేను వెళ్ళి మిగిలిన తట్టలు కడిగాను.

మర్నాడు బాపట్ల గ్రౌండులో మేడం నేల మీద పొడుగు టేపు పరిచింది. పొద్దున ఎండ పల్చగా ఉంది. పిల్ల బూట్ల తాళ్ళు కట్టుకుని గీత దగ్గర నిలబడింది. నా వైపు చూడలేదు. మేడం, "ముందు కుడికాలు," అంది.

అది చేతులు వెనక్కి ఊపి, వంగి, దూకింది.

అంత దూరం దూకడం నేను ముందెప్పుడూ చూడలేదు. మేడం కూడా చూసి ఉండదు, టేపు చివర దాకా నడిచి వెళ్ళి వంగి చూడాల్సి వచ్చింది. పిల్ల ఒంటికాలి మీద దిగి, కదలకుండా నిలబడి, తను ఎక్కడ దిగిందో కిందకి చూసుకుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మేడం అంకె చదవలేదు, ఊరికే రాసుకుంది. "ఇప్పుడు ఎడమకాలు," అంది మెల్లగా.

ఎడమకాలు దానికి ఎంతో వెనక దిగింది. మళ్ళీ దూకించింది. మళ్ళీ వెనకే. మూడోసారి దిగుతూ తూలి చెయ్యి ఆన్చింది. మేడం వచ్చి లేపి, దులిపి, దాని భుజాలు పట్టుకుంది. "ఇంకొన్నాళ్ళు పడుతుందమ్మా," అంది. ఇంకొన్నాళ్ళకి క్యాంపు ఉండదని ముగ్గురికీ తెలుసు.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. అప్పికట్ల దాటాక అడిగాను.

"కావాలనే అంత దూరం దూకావా?"

"లేదమ్మమ్మా." కిటికీ బయటికి చూసింది. "తక్కువే దూకుదామనుకున్నా. నిజంగా. గీత దగ్గర నిలబడ్డాక కూడా అదే అనుకున్నా. కాలు నేల వదిలాక ఆపలేకపోయాను. ఎన్నాళ్ళైందో కదా గాల్లోకి లేచి." నవ్వింది. నవ్వుతూనే కిటికీ ఊచకి నుదురు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి. నాకు ఓదార్చడం రాదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచాను, తెనాలి వచ్చేదాకా తియ్యలేదు. ఎదురుగా కూర్చున్నామె, "ఏంటండి, పరీక్ష పోయిందా పాపకి?" అని అడిగింది. "అవునండి," అన్నాను.

నా కూతురు ఫోన్ నిడుబ్రోలు రాకముందే వచ్చింది. పిల్ల ఫోన్ నా చేతికిచ్చి అటు తిరిగింది.

"క్యాంపు రాలేదే," అన్నాను.

అవతల కంపెనీలో నీళ్ళు పారే చప్పుడు, ఎవరో తట్టలు ఈడుస్తున్న చప్పుడు. తర్వాత, "తిందా?" అంది.

"ఇంకా లేదు."

"తినమను అమ్మా. పొద్దున్నుంచీ తిని ఉండదు." ఫోన్ పెట్టేసింది.

మర్నాడు నేను ఎప్పట్లాగే చీకటితోనే లేచాను. పొయ్యి వెలిగించి, నీళ్ళు కాచి, మార్కెట్‌కి తట్టలు సర్దుకున్నాను. పిల్ల పక్కకి తిరిగి, మంచి కాలు ముడుచుకుని, ఎడమకాలు చాపుకుని పడుకుని ఉంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. దాని మంచం కోడు దాకా వచ్చింది. తెల్లారాక పడుకునే మనుషుల్ని నేను సహించను, అది అందరికీ తెలుసు. రెండుసార్లు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాను. లేపితే, లేచి ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పాలి. అది నాకు తెలీదు.